దిబ్బ మీదోడి తమ్ముడు

నా బుర్ర లోపల ఎలా ఉందో విజయనగరంలో ఒక మిషను అరగంటసేపు చూసింది. చూసినదేమిటో నాకు చెప్పలేదు. అందుకని ఊరికి తిరిగొచ్చాక టీకొట్టు దగ్గర నేనే చెప్పాల్సి వచ్చింది. ముందు ఒక వసారా ఉందట, దాని వెనక రెండు గదులట, వాటి వెనక దొడ్డి, దొడ్డిలో ఒక గేదె, నేను ఆలోచించినప్పుడల్లా అది తోక ఊపుతోందట. పాడి గేదా, ఒట్టిపోయిందా అని ఒకాయన అడిగాడు.

"ఫిలింలో పొదుగు పడనేదు మావా. మళ్ళీ పిలుస్తామన్నారు" అన్నాను.

నవ్వారు. నవ్వి, గ్లాసులు బల్ల మీద పెట్టి, ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు.

ఇలాంటివి చెప్పడం నాకు కష్టం కాదు. యాభై రెండేళ్ళకు సంపాదించుకున్న పేరంతా వీటి మీదే నిలబడి ఉంది. భావనపాడులో మావాళ్ళంతా సముద్రం మీద బతికినవాళ్ళే. నేను మాత్రం వలలో పడ్డదాన్ని ఎండబెట్టి, గోతాలకెత్తి, వారానికోసారి శృంగవరపుకోట సంతకు తీసుకెళ్ళి అమ్ముతాను. కొండల మీంచి దిగి వచ్చేవాళ్ళకు ఎండుచేప కావాలి, దాంతోపాటు ఒక కబురు కూడా కావాలి. మూరెడు సావిడాయి చేపను తోక పట్టుకుని ఎత్తి, "ఇది వల్లో పడింది కాదమ్మా, తనంతట తనే ఒడ్డుకొచ్చి కోట బస్సు ఎక్కడాగుతాదని నన్నే అడిగింది" అంటాను. అప్పటిదాకా చేపను తిరగేసి బోర్లేసి వాసన చూస్తున్న ముసలమ్మ సంచి తెరుస్తుంది. నమ్మి కాదు. నన్నెవరూ నమ్మరు. తాము నమ్మనివాడి మీద ఎవరికీ కోపం రాదు, అందుకే నా వ్యాపారం సాగుతోంది.

బయట వినేవాళ్ళు ఎంతమంది ఉన్నా ఇంట్లో ఒక్కడే. మా అన్నియ్య. నాకన్నా ఐదేళ్ళు పెద్ద. ముప్పై ఏళ్ళుగా మాత్రలు వేసుకుంటున్నాడు. జబ్బును డాక్టర్లు స్కిజోఫ్రీనియా అంటారు. ఊళ్ళో ఇంకోలా అంటారు, ఆ మాటలు నేను రాయను. మాత్ర వేసుకుంటే అతనికి లోపలి మాటలు వినబడవు. అవి వినబడకపోతే అతనికి బయట మాట్లాడటానికీ పెద్దగా ఏమీ మిగలదు. అమ్మ పోయాక ఇంట్లో ఇద్దరమే. ఊరంతా నవ్వించిన కథను నేను ఇంటికొచ్చి అతనికి చెబుతాను. తలెత్తి వింటాడు. అయిపోయిందని తెలిశాక తల దించుకుంటాడు. హాస్యం తెలియక కాదు, ఒకప్పుడు నాకన్నా పెద్దగా నవ్వేవాడు. ఏది నిజమో ఏది కాదో తేల్చుకోవడానికి అతను పడ్డ పాటు నేనెరిగిన మనుషుల్లో ఇంకెవరూ పడలేదు. అంత పాటు పడ్డవాడికి అబద్ధం సరదాగా ఉండదు.

మిషనులో ఎందుకు పడుకున్నానో ఇప్పుడే చెప్పేస్తాను. సంతలో కథలాగా దీన్ని కూడా చివరిదాకా ఊరిస్తే బాగోదు. అన్నియ్యకు జబ్బు మొదలైన తర్వాత రెండేళ్ళపాటు దాన్ని ఊరికి తెలియనివ్వకుండా దాచింది నేను. కథలు చెప్పి దాచాను. ఆ రెండేళ్ళూ అతనికి ఒక్క మాత్ర పడలేదు. జబ్బు రక్తంలోనే ఉందని, అమ్మ కడుపులోనే ఆ మెదడు అలా తయారైందని, నేను దాచినా దాచకపోయినా ఒకటేనని చదువుకున్నవాళ్ళెవరైనా నాతో అనాలి. ఆ ఒక్క మాట కోసం వెళ్ళాను.

మా ఊళ్ళో అప్పుడు అలివి వల వేసేవారు. పడవలో వలను తీసుకెళ్ళి, సముద్రంలో సగం చుట్టుగా దింపుకుంటూ మళ్ళీ ఒడ్డుకొస్తారు. రెండు కొసల తాళ్ళనూ ఒడ్డున నిలబడి ముప్పై నలభైమంది లాగుతారు, ఆడా మగా ముసలీ ముతకా అందరూ. అయితే వల ఎక్కడ దింపాలో పడవలో ఉన్నవాడికి తెలియదు. నీళ్ళ మీద ఉన్నవాడికి నీళ్ళ రంగు కనబడదు. అందుకని ఇసుక దిబ్బ మీద ఒక మనిషి నిలబడతాడు. చేపల గుంపు వస్తే నీటి రంగు మారుతుంది. కవళ్ళయితే ఒకరకం నలుపు, నెత్తళ్ళయితే మట్టి కలిసినట్టు ఎరుపు. అది చూసి తువ్వాలు ఎత్తుతాడు. కుడికి ఊపితే పడవ కుడికి పోవాలి, తల చుట్టూ తిప్పితే వల దింపెయ్యాలి. దిబ్బ మీదోడు అనేవాళ్ళం అతన్ని. ఊరి కూడు అతని కళ్ళలో ఉండేది.

మా అన్నియ్య పంతొమ్మిదో ఏటికే దిబ్బ ఎక్కాడు. అంత చిన్నవాణ్ణి ఎక్కించడం అంతకుముందు లేదు. ఎండ మొహం మీద కొడుతున్నా కళ్ళు చిట్లించేవాడు కాదు. అతను తువ్వాలు ఎత్తితే అది పండగే.

ఒక కట్టుబాటు ఉండేది. తువ్వాలు లేచాక ఎవరూ ఏమీ అడగకూడదు. చేప ఉందా అని నోటితో అడిగితే గుంపు చెదిరిపోతుందని నమ్మకం. వల ఖాళీగా వచ్చినా దిబ్బ మీదోణ్ణి అడగరు. అతన్ని అనుమానిస్తే మర్నాడు అతని చూపు వణుకుతుందనేవారు. కారణం చెప్పాల్సింది ఒడ్డున మొదటి తాడు పట్టినవాడు. వల అడుగు లేచిపోయిందనో, కింద రాయి తగిలిందనో, నీటి వాలు మారిందనో. మొదటి తాడు దిబ్బ మీదోడి ఇంటి మనిషే పట్టాలి. అంటే నేను.

అన్నియ్యకు ఇరవై నాలుగు వచ్చిన ఏడు, ఒక ఉదయం వల ఒట్టిదే వచ్చింది. ఇసుకా, నాచూ, రెండు పీతలూ. వల ఆసామి మాకు వరసకు మావ అవుతాడు. నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఏటయిందిరా?"

"తిమింగలం మావా."

"తిమింగలమేటి?"

"పిల్లది. వల కింద దూరి ఈపుతో ఎత్తీసింది. సేపలన్నీ దాని మీంచి జారుకుని పోనాయి. పోతా పోతా నాకేసి కన్ను కొట్టింది."

తాడు వదిలేసి చేతులు దులుపుకుంటున్న ఆడవాళ్ళు పడి పడి నవ్వారు. "ఒసే, ఊళ్ళో ఆడపిల్ల ఒక్కర్తీ సూడదు ఈణ్ణి, తిమింగలం కన్ను కొట్టిందంటే సూడు" అందొకామె. మావ నవ్వలేదు గానీ ఇంకేం అడగలేదు. ఖాళీ బుట్టలు నెత్తిన పెట్టుకుని అందరూ నవ్వుకుంటూ ఇళ్ళకు వెళ్ళారు. దిబ్బ మీద అన్నియ్య సముద్రంకేసి చూస్తూ అలాగే నిలబడి ఉన్నాడు. నేను మొదటిసారి ఒక పెద్ద పని చేసినట్టు పొంగిపోయాను.

తర్వాత వారంలో రెండుసార్లు ఒట్టి వల. ఒకసారి తాబేళ్ళ పెళ్ళి ఊరేగింపు వల్లోంచి వెళ్ళిందన్నాను. ఇంకోసారి కవళ్ళకు ముసలి చేప ఒకటి ముందు నడిచి దారి చూపిస్తోందని, దాని గడ్డం నా చేతికి తగిలిందని అన్నాను. మధ్యలో కొన్ని రోజులు చేప బాగానే పడేది, దాంతో కథకు బలం వచ్చేది. పోనుపోను మనుషులు వల లాగడం అవగానే చేప కోసం కాదు, నా నోటికేసి చూడటం మొదలుపెట్టారు. ఊరికి నేను ఒట్టి వల రుచి మప్పాను. నేను చేసిన పని అంతకన్నా బాగా చెప్పలేను.

ఇంట్లో ఏం జరుగుతోందో నాకు తెలుసు. అన్నియ్య నిద్రపోవడం లేదు. గోడకేసి తిరిగి ఎవరికో జవాబు చెప్పేవాడు. చేపలు పేరు పెట్టి పిలుస్తున్నాయని, తను చూడకపోతే అవి ఏడుస్తున్నాయని నాతో అన్నాడు. అన్నం కంచం ముందు పెట్టుకుని ఒక చెవి మూసుకుని కూర్చునేవాడు. అమ్మ అతన్ని శ్రీకూర్మం తీసుకెళ్ళి దండం పెట్టించి తీసుకొచ్చింది. వచ్చిన రోజు నన్ను పెరట్లోకి పిలిచింది.

"మా తమ్ముడికీ ఇలాగే మొదలైంది" అంది. ఆ మేనమామను నేను చూడలేదు. పెళ్ళయిన ఏడాదికి ఇంట్లోంచి నడిచి వెళ్ళిపోయాడని, ఎక్కడా దొరకలేదని మాత్రం విన్నాను. "మా అమ్మకీ కొన్నాళ్ళు ఉండేది. ఎవరికీ సెప్పకురా. దిబ్బ దింపీసినారంటే ఈడు బతకడు."

అమ్మ ఆ మాట ఒక్కసారే అంది. తర్వాత రెండేళ్ళూ నడిపింది నేనే. ఆ తప్పు ఆవిడ మీద పెట్టడానికి లేదు.

ఒక కార్తీకంలో గాలి బలంగా ఉన్న రోజు, ఎవరూ పడవ తీయకూడని రోజు, అన్నియ్య దిబ్బ మీద తువ్వాలు ఎత్తాడు. తువ్వాలు లేచాక అడక్కూడదు కదా. పడవ వెళ్ళింది. రెండో కెరటానికే తిరగబడింది. అందరూ ఒడ్డుకొచ్చారు గానీ ఒకతని భుజం ఎముక విరిగింది. అప్పుడు మావ దిబ్బ ఎక్కాడు. పని జరుగుతుండగా ఇంకొకడు దిబ్బ ఎక్కడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. అన్నియ్య చేతిలోంచి తువ్వాలు మావ తీసుకున్నాడు. అన్నియ్య ఇవ్వనని అనలేదు. తువ్వాలు పోయిన చెయ్యి మాత్రం కాసేపు పైకే ఉంది. మావ దిగి వచ్చి, పడవవాళ్ళను ఒడ్డుకు లాగి తడిసిపోయి కూర్చున్న నా ముందు నిలబడ్డాడు.

"ఈసారి తిమింగలం ఏటి సేసిందిరా?" అన్నాడు.

నా దగ్గర కథ లేదు. ఆ నెలలోనే అన్నియ్యను ఆసుపత్రికి తీసుకెళ్ళాం.

ఆ తర్వాత నా బతుకు గురించి చెప్పుకోదగ్గది ఒకటే. ముప్పై ఏళ్ళు వచ్చినప్పుడు శ్రీకూర్మం దగ్గర్నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్ల బాగుంది, మాట మీద మాట వేసేది. నేను కథ చెబితే మధ్యలో ఆపి, "తాబేలికి పెళ్ళయితే తాళి ఎక్కడ కడతారు?" అని అడిగింది. అలా అడిగినవాళ్ళు అప్పటిదాకా లేరు. ఇంటికొచ్చి పడుకుంటే అమ్మమ్మ, మేనమామ, అన్నియ్య వరసగా గుర్తొచ్చారు. నా తర్వాత పుట్టబోయేవాడి మొహం గుర్తొచ్చింది, ఆ మొహం లేకపోయినా సరే. నాలుగోనాడు ఆ అమ్మాయి వాళ్ళ నాన్నకు చెప్పాను, నాకు పారాదీప్‌లో ఇదివరకే ఒక పెళ్ళాం, ఇద్దరు పిల్లలు ఉన్నారని. ఒడియా కూడా నాలుగు ముక్కలు మాట్లాడి చూపించాను. నా జీవితంలో పూర్తిగా నమ్మించిన అబద్ధం అదొక్కటే. ఆ లేని పిల్లలిద్దరికీ ఈపాటికి ఉద్యోగాలు వచ్చి ఉండాలి. ఇప్పటికీ ఎవరో ఒకరు, "పారాదీపోళ్ళు బాగున్నారేటి?" అని అడుగుతారు. బాగున్నారంటాను.

టెక్కలిలో అన్నియ్యకు మందులు రాసే డాక్టరే విజయనగరం సంగతి చెప్పాడు. ఇలాంటి జబ్బు ఉన్నవాళ్ళ తోడబుట్టినవాళ్ళను, జబ్బు లేనివాళ్ళను పిలిచి, రక్తం తీసుకుని, తల బొమ్మలు తీస్తున్నారట. కుటుంబాల్లో వచ్చే ఈ ముప్పుకీ, మెదడు ఆకారానికీ ఏమైనా సంబంధం ఉందేమో చూడటానికి. నేను ఆ రోజే పేరు ఇచ్చేశాను. కాగితాలు ఇస్తే చదవకుండా సంతకం పెట్టాను.

అక్కడి డాక్టరమ్మ చిన్న వయసుది. ముందు మా వంశాన్ని కాగితం మీద గీసింది. మగవాళ్ళకు గళ్ళు, ఆడవాళ్ళకు సున్నాలు. జబ్బు వచ్చినవాళ్ళను పెన్నుతో నల్లగా నింపింది. అమ్మమ్మ సున్నా సగం నింపి ఆగి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టింది. మేనమామ నలుపు. అన్నియ్య నలుపు. అతని పక్కన నా గడి ఖాళీగా, తెల్లగా ఉంది. దాని కింద పిల్లల గీత లేదు. మనిషి బతుకంతా కాగితం మీద అంత చిన్న చోటులో పట్టడం నేను చూడలేదు.

"మీ అన్నయ్యగారిలో మొదటి మార్పు ఎప్పుడు గమనించారు? ఆసుపత్రికి ఎప్పుడు తీసుకెళ్ళారు?" అని అడిగింది.

"ఎండల్లో మొదలైందమ్మా. వానలు పడగానే తీసుకుపోనాం" అన్నాను. ముప్పై ఏళ్ళుగా అందరికీ చెబుతున్నదే, నాలుక మీద అరిగిపోయి నున్నగా ఉంది. ఆవిడ మూడు నెలలని రాసుకుంది.

తర్వాత మిషను. జేబులో చిల్లర, మొలతాడుకున్న తాళంచెవి తీయించారు. గొట్టంలోకి తోశారు. కదలొద్దన్నారు, మాట్లాడొద్దన్నారు. చప్పుడు మాత్రం డీజిల్ పడవ ఇంజను తలమీద పెట్టినట్టు ఉంది. మెలకువగా ఉండి అరగంటసేపు ఎవరితోనూ ఏమీ అనకుండా ఉండటం నా జన్మలో అదే మొదలు. చెప్పడానికి మనిషి లేకపోతే నాకు కథ రాదని అక్కడ తెలిసింది. ఒక్కటీ రాలేదు. కళ్ళు మూసుకుంటే ఖాళీ. అన్నియ్యకు ఆ చోటులో ఎవరో ఒకరు ఉండేవారు, తిట్టేవాళ్ళో పిలిచేవాళ్ళో. నాకు వాళ్ళు కూడా లేరు.

బయటికొచ్చాక డాక్టరమ్మ గదికి వెళ్ళాను. "ఏటి కనపడిందమ్మా?" అన్నాను.

"గడ్డల్లాంటివి, కంగారు పడాల్సినవి ఏమీ లేవు. మిగతాది విడిగా మీ ఒక్కరికి చెప్పగలిగేది కాదు. మీరు సంతకం పెట్టిన కాగితంలో రాశాం."

"నాది మా అన్నియ్య మెదడులాగ ఉన్నాదో నేదో కూడా సెప్పనేరా?"

ఆవిడ కుర్చీ కాస్త ముందుకు జరుపుకుంది. ఓపిక ఉన్న మనిషి. ఈ జబ్బుకు కారణమైన జన్యువు అంటూ ఒక్కటి లేదంది. వేలకొద్దీ చిన్న తేడాలు ఉంటాయి, ఒక్కోదానికి దాదాపు బలమే లేదు, అందరిలోనూ కొన్ని ఉంటాయి. కొందరిలో ఎక్కువ పోగుపడతాయి, వాళ్ళకు ముప్పు పెరుగుతుంది. పెరిగినా చాలామందికి జబ్బు రాదు. మెదడు సంగతీ అంతేనట. జబ్బు ఉన్నవాళ్ళనందరినీ ఒకచోట పెట్టి సగటు తీస్తే మెదడు పైపొర కొంచెం పలచగా, జ్ఞాపకాలకు సంబంధించిన ఒక భాగం కొంచెం చిన్నగా ఉన్నట్టు తేలుతోందట. తోడబుట్టినవాళ్ళలో అలాంటిది ఏమైనా ఉందా, ఉంటే ఎంత, అది పుట్టుకతో వచ్చిందా, జబ్బుతో వచ్చిందా అనేదే వాళ్ళు వెతుకుతున్నది.

"జబ్బు ఉన్నవాళ్ళ బొమ్మలు, లేనివాళ్ళ బొమ్మలు కలిపేసి నా చేతికి ఇస్తే ఏది ఎవరిదో నేను కూడా చెప్పలేనండి. తేడా అంత తక్కువ. వందలమందిలో కనిపిస్తుంది. ఒక్కరిలో కనిపించదు."

నాకు ఆ మాట వెంటనే అర్థమైంది. దిబ్బ మీంచి చూస్తే ఒక్క చేప ఎవరికీ కనబడదు. ఎంత గొప్ప కళ్ళున్నా సరే. వేలు చేరి ఒకవైపు కదిలితేనే నీటి రంగు మారుతుంది. ఆవిడ దిబ్బ మీద నిలబడి రంగు కోసం చూస్తోంది. నేను ఒక చేపను పట్టుకెళ్ళి, ఇది ఏ గుంపుదో చెప్పమంటున్నాను.

ఇంక అసలుదానికి వచ్చాను. "అయితే పుట్టుకతోనే రాసేసి ఉన్నాది కదమ్మా. తొందరగా తీసుకుపోయినా, ఆలీసెంగా తీసుకుపోయినా ఒకటే కదా."

"కాదండి" అంది. ఆలోచించుకోకుండా అంది. "ముప్పు పుట్టుకతో రావచ్చు. కానీ జబ్బు మొదలయ్యాక మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, అది మాకు తెలిసిన విషయం. మీరు మూడు నెలల్లోనే తీసుకొచ్చారు. ఆ రోజుల్లో అది చాలా గొప్ప. చాలామంది ఏళ్ళ తరబడి దాచేస్తారు."

నవ్వుతూ మెచ్చుకుంది. నమస్కారం పెట్టి బయటికొచ్చేశాను.

వరండాలో బల్ల మీద కూర్చున్నాను. పక్కన ఎవరో ఆడమనిషి ఫోన్లో ఎవరికో అన్నం తిన్నావా అని అడుగుతోంది. ఎదురుగా మందుల కిటికీ దగ్గర వరస. ఇన్నేళ్ళలో నా అబద్ధానికి జనం నవ్వారు, తిట్టారు, చిల్లర ఇచ్చారు. మెచ్చుకున్నది ఆవిడొక్కతే. ఆ మెప్పు పట్టుకుని రైలెక్కి ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఇంకొకటి కూడా ఉంది. ఆవిడ ఆ మూడు నెలలను నిజమనుకుని లెక్కలో కలుపుతుంది. మొదటి తాడు పట్టినవాడి మాట విని ఇంకో ఊరు ఒట్టి వల లాగుతుంది.

వరస సగానికి తగ్గేదాకా కూర్చుని, లేచి మళ్ళీ తలుపు తోశాను.

"మూడు నెలలు కాదమ్మా. రెండేళ్ళు. ఇంకో నెల ఎక్కువే ఉంటాది."

ఆవిడ నాకేసి చూసింది. కాగితం తీసి, రాసినదాన్ని ఒక గీతతో కొట్టి, పైన రాసింది. "ఆ రెండేళ్ళూ ఎవరూ గమనించలేదా?"

"నాను గమనించనివ్వనేదు."

ముందే మందులు పడి ఉంటే అన్నియ్య ఇంకోలా ఉండేవాడా అని నేనే అడిగాను. ఉండొచ్చు, ఉండకపోవచ్చు, ఒక్క మనిషి విషయంలో చెప్పలేనంది. ఆ మాట మళ్ళీ వచ్చింది. ఓదార్చడానికి ఒక మెట్టు కిందికి దిగుతుందేమోనని చూశాను. దిగలేదు. అందుకు ఆవిడంటే నాకు గౌరవం.

నేను లేస్తుంటే అడిగింది. "ఇది మీ అన్నయ్యగారికి తెలుసా?"

తెలియదు. ఒట్టి వలలకు కారణాలు నేను చెప్పేవాడినని అతనికి తెలుసు. అవి తిమింగలాలని, తాబేళ్ళని తెలుసు. కట్టుబాటు ప్రకారం అతన్ని ఎవరూ అడగలేదు కాబట్టి, ఎన్నిసార్లు వల ఒట్టిగా వచ్చిందో అతనికి ఎవరూ చెప్పలేదు కూడా. పొద్దు వాలేదాకా దిబ్బ దిగేవాడు కాదు. దిగేసరికి ఒడ్డు ఖాళీ. అడిగితే, పడిందన్నియ్యా, పట్టుకుపోయారు అనేవాణ్ణి.

మర్నాడు పొద్దెక్కాక ఇంటి వెనక ఇసుకలో నెత్తళ్ళు ఆరబోశాం. తిరగేసే పని అన్నియ్యది. ఒక్కొక్కటీ వేలితో తిప్పుతూ వరస తప్పకుండా వెళతాడు. నేను పక్కన గొంతుక్కూర్చుని, మొదలుపెట్టడానికి ఏదైనా నవ్వులాటగా దొరుకుతుందేమోనని వెతికాను. దొరకలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆ రెండేళ్ళలో వల ఎక్కువ రోజులు ఒట్టిదే వచ్చిందని, అతనికి బాగోలేదని నాకు తెలుసని, అందరికీ వేరే కారణాలు చెప్పానని, ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిన రోజుల్లో తీసుకెళ్ళలేదని. ముందే వెళ్ళి ఉంటే మేలు జరిగేదేమోనని డాక్టరమ్మ అన్న మాట కూడా దాచలేదు.

అతను వరస పూర్తిచేసి రెండో వరస మొదలుపెట్టాడు.

"పడింది, పట్టుకుపోనారు అనేవోడివి."

"అబద్దం అన్నియ్యా."

"ఎందుకు?"

"నిన్ను దింపీస్తారని."

"దింపీసినారు కదా."

"దింపీసినారు."

నాలుగైదు చేపలు తిప్పాడు. "అప్పుడే మాత్తర్లేసుకుంటే దిబ్బ మీద ఉండేవోడినేటి?"

"ఏమో అన్నియ్యా. నాకు తెల్దు."

నాకు తెలియదనే మాట నేను అతనితో ఎప్పుడైనా అన్నానో లేదో గుర్తులేదు. అతను చెయ్యి ఆపాడు. చేతికి అంటిన పొలుసులు లుంగీకి రాసుకున్నాడు. నన్ను కొడతాడేమో అనుకున్నాను, కొడితే బాగుణ్ణనుకున్నాను.

"నీకు కనపడనేదా?" అన్నాడు. "ఆ సేప. ఒక్కసారైనా."

చేతికందేంత దగ్గర్లో ఒక మాట ఉంది. కనపడింది అన్నియ్యా, ఒకసారి, ఉత్తరం వైపు, నల్లగా. అంటే చాలు. అతనికి ముప్పై ఏళ్ళ తర్వాత ఒక తోడు దొరుకుతుంది. అంత మంచి అబద్ధం నా నోటిదాకా ఎప్పుడూ రాలేదు.

"నేదు. ఒక్కసారీ కనపడనేదు."

"ఒడ్డునున్నోళ్ళకి?"

"ఎవరికీ కనపడనేదు."

"అయితే నానొక్కణ్ణే" అన్నాడు. అడగలేదు, అనుకున్నాడు. మళ్ళీ వేలు చేపల మీదికి పోయింది గానీ తిప్పలేదు.

"ఎలాగుండేవి అన్నియ్యా?" అన్నాను. ఇన్నేళ్ళలో నేనది అడగలేదు. ఎవరూ అడగలేదు. కట్టుబాటు ఉన్న రోజుల్లో అడక్కూడదు, తర్వాత అడిగితే జబ్బు తిరగబెడుతుందని భయం.

నాకేసి చూశాడు. ఇది కూడా నా కథల్లో ఒకటేమోనని చూసినట్టుంది. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. మెల్లగా, మాట మాటకీ ఆగుతూ. అవి కవళ్ళు కావట, కానాగంతలూ కావట. ఒకదాని వెనక ఒకటి కాకుండా అన్నీ ఒక్కసారే తలలు తిప్పేవట, గుడ్డ దులిపినట్టు. కొన్నాళ్ళు తుమ్మ పువ్వు రంగు. కొన్నాళ్ళు రంగే లేదు, నీళ్ళు ఉన్న చోటులో నీళ్ళు లేనట్టు. తను తువ్వాలు ఎత్తగానే కిందికి దిగిపోయేవి, అప్పుడు బాధేసేదట, వద్దన్నా ఎత్తాల్సి వచ్చేదట, ఊరు చూస్తుంటుంది కదా.

చాలాసేపు చెప్పాడు. మాత్ర వేళ కూడా దాటింది. నేను మధ్యలో ఒక్క మాట కలపలేదు.